ఒకే కంప్యూటర్‌లో రెండు విండోస్‌లు: అదనపు ఓఎస్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్‌ని) కనిపెట్టి తీసేసిన కేసు

ఫిర్యాదు ఫోన్‌లో వచ్చింది. చేసినాయన తెనాలిలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు. పద్యాలు, వ్యాసాలు రాసి, డీటీపీ కూడా తనే చేసుకుంటారు. “రాత్రి కూర్చుని నాలుగు పేజీలు టైపు చేశాను బాబూ. పొద్దున్న చూస్తే ఫైలే లేదు. ఇంతకుముందు కూడా ఇట్లాగే పోయి, రెండు రోజులకి దానంతటదే తిరిగొచ్చింది. వైరస్సేమో చూడు.”

ఈ మాటల్లో నాకు పనికొచ్చింది ఫైలు తిరిగి రావడం. వైరస్ తిన్న ఫైలు తిరిగి రాదు, డిలీట్ చేసినదీ దానంతటది రాదు. వచ్చిందంటే అది ఎక్కడికీ పోలేదు, మనం చూసే చోటు మారింది. ఒకే విండోస్‌లో ఇంట్లోవాళ్ళకి వేరువేరు యూజర్ అకౌంట్లు ఉన్నా ఇలా జరగొచ్చు. అందుకని, ఆన్ చేసిన దగ్గర్నుంచి తెర మీద ఏమేం కనిపిస్తాయో వరసగా చెప్పమన్నాను. “నీలం తెర వస్తుంది, రెండు విండోస్‌లు చూపిస్తుంది, ఒకటి నొక్కుతాను” అన్నారు. సగం కేసు అక్కడే తేలింది.

మెషీన్ చరిత్ర ఇది. 2017లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. ఇంటెల్ ఏడో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. కొన్నేళ్ళకి బాగా నెమ్మదించింది. ఒక షాపులో ఇస్తే 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా వేగమైన డిస్క్) వేసి, దాని మీద కొత్తగా విండోస్ 10 ఎక్కించి ఇచ్చారు. పాత హార్డ్‌డిస్క్‌ని, అందులోని పాత విండోస్ 10తో సహా, అలాగే ఉంచారు. అప్పటినుంచీ ఆన్ చేస్తే నీలం తెర మీద ఒకే పేరుతో రెండు వరసలు, రెండూ ‘విండోస్ 10’. ముట్టుకోకపోతే 30 సెకన్లు లెక్కపెట్టి పై వరసలోకి, అంటే ఎస్‌ఎస్‌డీ మీది కొత్త విండోస్‌లోకి, వెళ్తుంది. మాస్టారు అలవాటుగా రెండోది నొక్కుతారు. మనవడు చేతికి ఏది తగిలితే అది నొక్కుతాడు. ఒక్కో విండోస్‌కి ఒక్కో డెస్క్‌టాప్, ఒక్కో డాక్యుమెంట్స్ ఫోల్డర్. రెండిట్లోనూ అదే వాల్‌పేపర్ పెట్టుకున్నారు కాబట్టి ఎక్కడున్నారో వాళ్ళకి తెలిసే దారే లేదు.

రెండు వరసలు కనబడితే రెండు ఓఎస్‌లు ఉన్నట్టేనా?

కాదు. చూడకుండా చెయ్యి పెట్టకూడని చోటు ఇదే. ఇలాంటి ఫిర్యాదు వెనక నాలుగు రకాల పరిస్థితులు ఉండొచ్చు, నాలుగింటికీ మందు వేరు.

ఒకటి, మెనూలో వరస ఉంది, దాని వెనక ఓఎస్ లేదు. ఎప్పుడో ఫార్మాట్ కొట్టేసిన విండోస్ పేరు జాబితాలో మిగిలిపోయి ఉంటుంది. నొక్కితే ఎర్రర్ వస్తుంది. పేరు తీసేస్తే చాలు. రెండు, అప్‌గ్రేడ్ చేసినప్పుడు సి డ్రైవ్‌లో మిగిలే ‘విండోస్ డాట్ ఓల్డ్’ ఫోల్డర్. దీనికి బూట్ మెనూతో, అంటే ఆన్ చేయగానే కనిపించే ఆ జాబితాతో, సంబంధం లేదు. మామూలుగా 10 రోజుల తర్వాత విండోసే తీసేస్తుంది, లేకపోతే డిస్క్ క్లీనప్‌లో ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్’ టిక్ పెట్టి తీసేయొచ్చు. మూడు, పాత డిస్క్‌ని ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేసి పాతదాన్నీ అలాగే తగిలించి ఉంచడం. అప్పుడు రెండిట్లో ఉండేది అచ్చంగా ఒకే సరుకు. రెండు డిస్కుల గుర్తింపు సంఖ్య ఒకటే కావడంతో విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేయడం కూడా జరుగుతుంది. నాలుగోది మాస్టారి ఇంట్లో ఉన్నది: వేరువేరు పార్టిషన్లలో (డిస్క్‌ని విభజించిన భాగాల్లో) విడివిడిగా ఎక్కించిన, రెండూ పనిచేసే, రెండూ రోజూ వాడుతున్న విండోస్‌లు.

నాలుగోదే అని ఖాయం చేసుకోవడం తేలిక. రెండు వరసల్లోకీ ఒక్కోసారి వెళ్ళి, రన్‌లో ‘ఎంఎస్‌కాన్ఫిగ్’ కొట్టి, బూట్ ట్యాబ్ చూడటమే. ఇప్పుడు నడుస్తున్నదాని పక్కన ‘కరెంట్ ఓఎస్’ అనీ, ముట్టుకోకపోతే తెరుచుకునేదాని పక్కన ‘డిఫాల్ట్ ఓఎస్’ అనీ ఉంటుంది. గందరగోళం ఎక్కడంటే, ఏ విండోస్‌లో ఉంటే దానికి దాని ఇల్లే సి డ్రైవ్. కొత్తదాంట్లోంచి చూస్తే ఎస్‌ఎస్‌డీ సి, పాత విండోస్ పార్టిషన్ డి. పాతదాంట్లోంచి చూస్తే పాతదే సి, ఎస్‌ఎస్‌డీకి ఇంకో అక్షరం. ‘సి ఉంచి డి ఫార్మాట్ చేయాలి’ అని కాగితం మీద రాసుకుని, తీరా పని చేసే రోజు పాత విండోస్‌లో కూర్చుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే నేను అక్షరాలు నమ్మను. డిస్క్ సైజు చూస్తాను: 1 టీబీది 931 జీబీగా, 240 జీబీది 223 జీబీగా కనిపిస్తుంది. అది ఏ విండోస్‌లోంచి చూసినా మారదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే

ఇక్కడిదాకా వచ్చాక చాలామంది చేసే పని, ఎంఎస్‌కాన్ఫిగ్‌లో పాత వరస మీద డిలీట్ నొక్కి, డి డ్రైవ్ ఫార్మాట్ కొట్టడం. ఇంకొందరు పాత హార్డ్‌డిస్క్‌నే పీకి పక్కన పెడతారు. మాస్టారి మెషీన్‌లో ఈ రెండోది చేసి ఉంటే ఎస్‌ఎస్‌డీ మీది విండోస్ కూడా తెరుచుకునేది కాదు.

కారణం విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనపడుతుంది. హార్డ్‌డిస్క్‌లో వరసగా 100 ఎంబీ ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్, తర్వాత 195 జీబీ పాత విండోస్, తర్వాత మిగతాదంతా డేటా డ్రైవ్. ఎస్‌ఎస్‌డీలో విండోస్ పార్టిషన్ ఒక్కటే ఉంది, ఈఎఫ్ఐ పార్టిషన్ లేదు. యూఈఎఫ్ఐ పద్ధతిలో (పాత బయోస్ బదులు వచ్చింది) నడిచే మెషీన్ ఆన్ అయినప్పుడు మదర్‌బోర్డు నేరుగా విండోస్ ఫోల్డర్ దగ్గరికి పోదు. ముందు ఈ చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌లో ఉండే బూట్ మేనేజర్‌ని లేపుతుంది. ఏయే విండోస్‌లు ఎక్కడున్నాయో చెప్పే బీసీడీ అనే జాబితా కూడా అందులోనే ఉంటుంది. ఆ జాబితా చూసుకుని బూట్ మేనేజర్ మిగతా పని చేస్తుంది.

షాపులో ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ ఎక్కించేటప్పుడు హార్డ్‌డిస్క్ కేబుల్ తీయలేదు. విండోస్ సెటప్ అప్పటికే ఒక ఈఎఫ్ఐ పార్టిషన్ ఉందని చూసి, కొత్తది చేయకుండా దాన్నే వాడుకుంది. కొత్త విండోస్ ఒళ్ళంతా ఎస్‌ఎస్‌డీ మీద ఉంది, తాళంచెవి మాత్రం పాత డిస్క్‌లో ఉండిపోయింది. ఒక సాటా కేబుల్ పీకి పెట్టే శ్రమ తప్పించుకున్నందుకు వచ్చిన తంటా ఇది. నేను చూసే ‘రెండు విండోస్‌ల’ మెషీన్లలో ఎక్కువ భాగం ఇలా తయారైనవే.

అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘బీసీడీఎడిట్’ కొడితే ఇదే విషయం ఇంకో రకంగా తెలుస్తుంది. మొదటి గుంపు బూట్ మేనేజర్‌ది, తర్వాత ఒక్కో విండోస్‌కి ఒక్కో గుంపు. ప్రతి విండోస్ దగ్గరా ‘డివైస్’ అన్న వరసలో అది ఏ పార్టిషన్‌లో ఉందో, ‘పాత్’ వరస చివర ‘విన్‌లోడ్ డాట్ ఈఎఫ్ఐ’ అనో ‘విన్‌లోడ్ డాట్ ఈఎక్స్ఈ’ అనో ఉంటుంది. ఈఎఫ్ఐ అని ఉంటే యూఈఎఫ్ఐ మెషీన్, ఈఎక్స్ఈ అని ఉంటే పాత బయోస్ పద్ధతి. మాస్టారిది మొదటి రకం.

అలాగే ఉంచేస్తే నష్టమేంటి, పాత విండోస్ పార్టిషన్ ఒక్కటీ ఫార్మాట్ కొట్టి, 100 ఎంబీ ముక్కని వదిలేస్తే సరిపోదా? హార్డ్‌డిస్క్ ఆరోగ్యంగా ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి. డిస్క్ ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూస్తే పసుపు రంగులో ‘కాషన్’ అని ఉంది. పాడైన సెక్టార్ల బదులు రిజర్వు సెక్టార్లని వాడుకోవడం మొదలుపెట్టింది. ఆ డిస్క్ ఎన్నాళ్ళు నడుస్తుందో ఎవరూ చెప్పలేరు. అది పోయిన రోజు బాగున్న ఎస్‌ఎస్‌డీ కూడా బూట్ కాకుండా కూర్చుంటుంది. కాబట్టి బూట్ ఫైళ్ళని ఎస్‌ఎస్‌డీ మీదికి తేవాలి, ఆ తర్వాతే పాత విండోస్ తీయాలి.

‘అదనపు’ విండోస్‌లో ఎవరున్నారు

టెక్నికల్‌గా ఇంతే. కానీ ఎక్కువ సమయం పట్టింది ఇక్కడ కాదు.

మాస్టారు రెండో వరస ఎందుకు నొక్కుతున్నారని అడిగాను. “కొత్తదాంట్లో నా ఫైళ్ళు తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చిపిచ్చిగా వస్తాయయ్యా” అన్నారు. ఆయన పేజ్‌మేకర్ 7.0లో, అను ఫాంట్లతో పనిచేస్తారు. 2001లో వచ్చిన సాఫ్ట్‌వేర్ అది. తెలుగునాట డీటీపీ సెంటర్లలో ఈనాటికీ నడుస్తోంది. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని మెషీన్లకీ ఉమ్మడిగా ఉండే అక్షరాల సంకేతాలు) కావు. ఆ ఫాంట్ ఎక్కించి లేని మెషీన్‌లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. షాపువాళ్ళు కొత్త విండోస్‌లో ఆఫీసు, బ్రౌజర్ వేశారు, పేజ్‌మేకర్, అను, ప్రింటర్ డ్రైవర్ వేయలేదు. ఆయనకి పనికొచ్చే విండోస్ పాతదే. మనం డూప్లికేట్ అంటున్నదే ఆయనకి అసలుది.

కాబట్టి ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నది మెషీన్‌ని చూసి తేల్చేది కాదు. వాడేవాళ్ళని కూర్చోబెట్టి, రోజూ ఏం తెరుస్తారో, ఏం ప్రింట్ తీస్తారో, ఫోన్‌లోంచి ఫొటోలు ఎక్కడ దించుతారో చేసి చూపించమనాలి. అడిగితే చెప్పరు, దాచాలని కాదు, వాళ్ళకి అది చెప్పాల్సిన విషయంలా తోచదు. మనవడి విషయం తేలిక, అతని గేములు, కాలేజీ ప్రాజెక్టు అన్నీ కొత్తదాంట్లోనే ఉన్నాయి.

ఒకే విండోస్‌లోకి రావాలంటే వేగం, డిస్క్ ఆరోగ్యం రెండూ చూసినా ఎస్‌ఎస్‌డీదే ఉండాలి. మాస్టారి సామాను మొత్తం అక్కడికి మార్చాలి. ముందుగా పాత పార్టిషన్‌లోని యూజర్స్ ఫోల్డర్ అంతా ఒక బయటి హార్డ్‌డిస్క్‌కి కాపీ తీశాను. మామూలు కాపీ పేస్ట్‌తో కాదు, విండోస్‌లోనే ఉండే రోబోకాపీ కమాండ్‌తో. యూజర్స్ ఫోల్డర్‌లో తమలోకే దారి తీసే దొంగ ఫోల్డర్లు కొన్ని ఉంటాయి, ‘/ఎక్స్‌జే’ అని చేర్చితే వాటిని వదిలేస్తుంది. పాడైన సెక్టార్లున్న డిస్క్ కాబట్టి ‘/ఆర్:1 /డబ్ల్యూ:1’ కూడా చేర్చాలి. లేకపోతే చదవలేని ఒక్క ఫైలు దగ్గర రోబోకాపీ 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షలసార్లు ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. ఆ లెక్క నేను కల్పించింది కాదు, దాని డిఫాల్ట్ సెట్టింగే అది.

రెండోది ఫాంట్లు. యూజర్స్ ఫోల్డర్ కాపీ తీస్తే అన్నీ వచ్చాయనుకుంటాం. ఫాంట్లు ఉండేది విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్‌లో. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి ఒక్క యూజర్‌కే వేసుకున్న ఫాంట్లు ఆ యూజర్ యాప్‌డేటాలో కూడా ఉంటాయి. రెండు చోట్లా చూడాలి. ఫాంట్స్ ఫోల్డర్ ఎక్స్‌ప్లోరర్‌లో మామూలు ఫోల్డర్‌లా తెరుచుకోదు, అందుకని కమాండ్ ప్రాంప్ట్‌లోంచి కాపీ చేసుకోవడం మేలు. మాస్టారి దగ్గర అను సీడీ, లైసెన్స్ వివరాలు భద్రంగా ఉన్నాయి కాబట్టి కొత్త విండోస్‌లో సరిగ్గా ఇన్‌స్టాల్ చేశాను. కాపీ తీసిన ఫాంట్లు, ఆయన ఎవరెవరి దగ్గరో తెచ్చుకున్న బోర్డర్లు, క్లిప్ ఆర్టుల కోసం పనికొచ్చాయి. ఇవి కాక బ్రౌజర్ బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డులు. పాస్‌వర్డుల ఫైలు కాపీ చేస్తే పనిచేయదు. పాత విండోస్‌లో ఉండగానే బ్రౌజర్‌లోంచి ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. వాడాక ఆ ఎక్స్‌పోర్ట్ ఫైలు చెరిపేయాలి.

మూడోది, దీనికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు: ఒకే రచనకి రెండు ప్రతులు. శతకం ఒకటి రాస్తున్నారు. ఫైలు కనపడని రోజుల్లో గుర్తున్నంతవరకు మళ్ళీ టైపు చేశారు, అదే పేరుతో, ఇంకో విండోస్‌లో. తర్వాత మొదటిది ‘తిరిగొచ్చి’నప్పుడు దాంట్లోనే దిద్దుబాట్లు చేశారు. తేదీ చూసి కొత్తది ఉంచుదామంటే రెండింటికీ దగ్గరి తేదీలే. రెండిటికీ వేరే పేర్లు పెట్టి, ప్రింట్ తీసి చేతికిచ్చాను. “ఇది పద్యాల పని మాస్టారూ, నా పని కాదు” అంటే, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతూ, “రెండోసారి రాసిందే కుదిరిందయ్యా” అన్నారు ఒకదాని గురించి. మిగతావి ఆయనే కలుపుకున్నారు.

బూట్ ఫైళ్ళ తరలింపు

మొదలుపెట్టే ముందు మూడు జాగ్రత్తలు. ‘మేనేజ్-బీడీఈ -స్టేటస్’ కొట్టి బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే ఏర్పాటు) ఉందేమో చూశాను. ఉంటే బూట్ ఫైళ్ళు కదిలించగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది చేతిలో లేకపోతే పని ఆగిపోతుంది. ఇక్కడ లేదు. తర్వాత ‘బీసీడీఎడిట్ /ఎక్స్‌పోర్ట్’తో పాత జాబితాకి ఒక కాపీ పక్కన పెట్టాను. మూడోది, రెండు విండోస్‌లలోనూ ‘పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్’ కొట్టి ఫాస్ట్ స్టార్టప్ ఆపేశాను.

ఈ మూడోది వట్టి జాగ్రత్తే కాదు, ఇంకో ఫిర్యాదుకి జవాబు కూడా. అప్పుడప్పుడూ ఆన్ చేయగానే నల్ల తెర మీద డిస్క్ చెకింగ్ నడుస్తోందని చెప్పారు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్‌డౌన్ కొడితే విండోస్ పూర్తిగా ఆరిపోదు. సగం తెలివిని ఒక ఫైల్లో దాచుకుని, డ్రైవ్‌లు తన చేతిలోనే ఉన్నట్టు పడుకుంటుంది. ఈలోగా రెండో విండోస్ లేచి అవే డ్రైవ్‌లలో ఫైళ్ళు రాస్తే, మొదటిది లేచాక దాని లెక్కకీ డిస్క్‌లో ఉన్నదానికీ పొంతన కుదరదు. చెకింగ్ మొదలవుతుంది. ఖర్మ బాగోకపోతే ఆ చెకింగ్‌లో ఫైళ్ళు నిజంగానే పోతాయి. రెండు విండోస్‌లు అవసరమై ఉంచుకునేవాళ్ళు కూడా ఇది ఆపేయాలి.

తరలింపు కొత్త విండోస్‌లోంచే చేశాను. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎస్‌ఎస్‌డీ సి డ్రైవ్‌ని ఒక 500 ఎంబీ కుదించి ఖాళీ చేశాను. తర్వాత డిస్క్‌పార్ట్ అనే కమాండ్. ‘లిస్ట్ డిస్క్’ కొట్టి, సైజు చూసి, 223 జీబీ డిస్క్‌ని సెలెక్ట్ చేయాలి. ఆ వరసలో జీపీటీ (యూఈఎఫ్ఐకి కావలసిన విభజన పద్ధతి) కింద నక్షత్రం ఉందో లేదో కూడా చూడాలి, ఉంది. ఆ తర్వాత ‘క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ సైజ్=260’, ‘ఫార్మాట్ క్విక్ ఎఫ్ఎస్=ఫ్యాట్32’, ‘అసైన్ లెటర్=ఎస్’. డిస్క్‌పార్ట్ మీరు ఖాయమేనా అని అడగదు, చెప్పింది చేసేస్తుంది. ముఖ్యంగా ‘క్లీన్’ అన్న మాట ఇక్కడ ఏ సందర్భంలోనూ అవసరం లేదు. నెట్‌లో ఎవరైనా కొట్టమంటే కొట్టకండి. డిస్క్ మొత్తం పోతుంది.

ఇక అసలు కమాండ్ ఒకే వరస: ‘బీసీడీబూట్ సి:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ’. సిలో ఉన్న విండోస్ కోసం, ఎస్ అనే పార్టిషన్ మీద, యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ ఫైళ్ళు తయారుచేయమని అర్థం. బూట్ ఫైళ్ళు తయారయ్యాయని ఒక వాక్యం వస్తుంది. కొత్తగా పుట్టిన బీసీడీ జాబితాలో ఈ ఒక్క విండోసే ఉంటుంది, పాతదాని ఊసు ఉండదు. అందుకే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో పాత వరసని విడిగా డిలీట్ చేయాల్సిన పని పడలేదు.

రికవరీ కూడా చూడాలి. ‘రీఏజెంట్‌సీ /ఇన్ఫో’ కొడితే విండోస్ మరమ్మతు తెరలు ఏ డిస్క్‌లో ఉన్నాయో చెబుతుంది. ఇక్కడ ఎస్‌ఎస్‌డీలోనే ఉన్నాయి. కొత్త జాబితాలో నమోదు కావడానికి ఒకసారి డిసేబుల్ చేసి, మళ్ళీ ఎనేబుల్ చేశాను.

కేబుల్ పీకి చూడటం

మెషీన్ పూర్తిగా ఆపి, కరెంటు ప్లగ్ తీసి, పాత హార్డ్‌డిస్క్ సాటా కేబుల్ పీకేశాను. ఇంకా ఏదీ ఫార్మాట్ చేయలేదు, పాత విండోస్ చెక్కుచెదరకుండా ఉంది. ఏం తేడా వచ్చినా కేబుల్ తగిలిస్తే మళ్ళీ మొదటి పరిస్థితికి వస్తాం. ఈ పరీక్ష చేయకుండా అదనపు ఓఎస్‌ని ఫార్మాట్ చేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. కమాండ్లు ఎన్ని చెప్పినా, ఎస్‌ఎస్‌డీ ఒంటరిగా లేవగలదా అన్న ప్రశ్నకి నమ్మదగిన జవాబు ఇదొక్కటే ఇస్తుంది.

ఆన్ చేస్తే మెనూ లేకుండా నేరుగా డెస్క్‌టాప్ వచ్చింది. పేజ్‌మేకర్ తెరుచుకుంది, శతకం తెలుగులోనే కనిపించింది, ప్రింట్ వచ్చింది. డేటా డ్రైవ్‌లోని ఫొటోల షార్ట్‌కట్లు మాత్రం తెరుచుకోలేదు, అది అనుకున్నదే.

కేబుల్ మళ్ళీ తగిలించి ఆన్ చేశాను. నీలం తెర, రెండు విండోస్‌లు, మళ్ళీ ప్రత్యక్షం. “పోలేదేమయ్యా?” అన్నారు మాస్టారు. పోదు, ఎందుకంటే ఆ మెనూ పాత డిస్క్‌లోని పాత జాబితాది. ఇప్పుడు మెషీన్‌లో ఇద్దరు బూట్ మేనేజర్లు ఉన్నారు, మదర్‌బోర్డు పాతవాణ్ణి ముందు పిలిచింది. బయోస్ సెటప్‌లోకి వెళ్తే ‘విండోస్ బూట్ మేనేజర్’ రెండుసార్లు కనిపించింది, ఒకదాని పక్కన హార్డ్‌డిస్క్ మోడల్, ఇంకోదాని పక్కన ఎస్‌ఎస్‌డీ మోడల్. ఎస్‌ఎస్‌డీదాన్ని మొదటికి జరిపి సేవ్ చేస్తే మెనూ పోయింది.

ఆ రోజుకి పని అక్కడ ఆపేశాను. పాత విండోస్ పార్టిషన్‌ని ఫార్మాట్ చేయలేదు, దాని డ్రైవ్ లెటర్ మాత్రం తీసేశాను. వాళ్ళకి అది కనపడదు, అందులోకి బూట్ కాలేరు, కానీ ఉంది. ఏదైనా మర్చిపోయి ఉంటే వాడుతుంటేనే బయటపడుతుంది. బయటపడింది కూడా: పెన్షన్ కాగితాల స్కాన్లు. అవి యూజర్స్‌లో లేవు, పాత విండోస్ పార్టిషన్‌లో నేరుగా పైనే స్కానర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి. లెటర్ మళ్ళీ ఇచ్చి తెచ్చేశాను.

తీసేయడం

కొన్నాళ్ళు గడిచి, ఏ లోటూ లేదని ఆయనా మనవడూ ఇద్దరూ చెప్పాక, ఆ పార్టిషన్ ఫార్మాట్ కొట్టాను. విండోస్ ఫోల్డర్‌ని ఎక్స్‌ప్లోరర్‌లో డిలీట్ చేయబోవడం దండగ పని. ఆ ఫైళ్ళ యాజమాన్యం ‘ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్’ పేరు మీద ఉంటుంది, అడుగడుగునా పర్మిషన్ లేదంటుంది. యాజమాన్యం లాక్కుని చేసినా సగం మిగిలిపోతుంది. డేటా తెచ్చుకున్నాక ఫార్మాట్ అయితే నిమిషంలో అయిపోతుంది.

ఖాళీ అయిన 195 జీబీని పక్కనున్న డేటా డ్రైవ్‌లో కలపమని మనవడు అడిగాడు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఒక డ్రైవ్‌ని దాని కుడివైపు ఆనుకుని ఉన్న ఖాళీలోకే పెంచగలం. ఈ ఖాళీ డేటా డ్రైవ్‌కి ఎడమవైపు ఉంది. వేరే సాఫ్ట్‌వేర్లతో జరపొచ్చు, కానీ దానికోసం వందల జీబీ డేటాని డిస్క్ మీద అటూ ఇటూ కదిలించాలి. కాషన్ చూపిస్తున్న డిస్క్‌తో అలాంటి పని పెట్టుకోకూడదు. విడి డ్రైవ్‌గా వదిలేశాను. ముఖ్యమైనవి ఎస్‌ఎస్‌డీలోనూ బయటి డిస్క్‌లోనూ ఉంటాయి, పాత హార్డ్‌డిస్క్‌లో మూడో కాపీ మాత్రమే ఉంటుంది.

యాక్టివేషన్ పోతుందేమోనని ఆయనకి టెన్షన్. విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ ముడిపడేది మెషీన్ హార్డ్‌వేర్‌తో, ముఖ్యంగా మదర్‌బోర్డుతో. రెండు కాపీల్లో ఒకటి తీసేస్తే రెండోదానికి ఏమీ కాదు, ఇక్కడా కాలేదు. ఇంకో మాట చెప్పి వచ్చాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఈ ఏడో తరం ఐ3 ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు అదనంగా తీసుకునే పథకంలో చేరినా ఇంట్లో వాడుకునేవాళ్ళకి అది 2026 అక్టోబర్ దాకానే. శతకం అచ్చుకి వెళ్ళేదాకా ఈ మెషీన్‌తో నడిపించి, తర్వాత కొత్తది చూద్దామన్నారు.

వేరే రకం మెషీన్లు

పాత బయోస్ పద్ధతిలో నడిచే, ఎంబీఆర్ (పాత రకం విభజన) డిస్క్ ఉన్న కంప్యూటర్లలో ఈఎఫ్ఐ పార్టిషన్ ఉండదు. దాని బదులు ‘సిస్టమ్ రిజర్వ్‌డ్’ అనే చిన్న పార్టిషన్, ‘యాక్టివ్’ అన్న గుర్తుతో ఉంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘సిస్టమ్’ అని రాసి ఉన్నది బూట్ ఫైళ్ళున్న చోటు, ‘బూట్’ అని రాసి ఉన్నది ఇప్పుడు నడుస్తున్న విండోస్. పేర్లు తారుమారుగా ఉన్నాయనిపించినా మైక్రోసాఫ్ట్ వాడుక అదే. ఈ రెండూ వేరే డిస్కుల మీద ఉంటే మాస్టారి ఇంటి సమస్యే అక్కడా ఉన్నట్టు. విండోస్ పార్టిషన్‌ని యాక్టివ్ చేసి, బీసీడీబూట్‌లో ‘ఎస్:’ బదులు ‘సి:’ అనీ, చివర యూఈఎఫ్ఐ బదులు ‘బయోస్’ అనీ కొట్టాలి, కేబుల్ పరీక్ష మాత్రం అదే. రెండోది విండోస్ కాక ఉబుంటు లాంటి లైనక్స్ అయితే, దాని పార్టిషన్లు తీసేయడానికి ముందే బూట్‌ని విండోస్ చేతికి తెచ్చుకోవాలి, లేకపోతే ఆన్ చేసినప్పుడు ‘గ్రబ్ రెస్క్యూ’ అన్న నల్ల తెర దగ్గర ఆగిపోతుంది.

మాస్టారి హార్డ్‌డిస్క్‌లో 100 ఎంబీ పాత ఈఎఫ్ఐ పార్టిషన్ ఒకటి మిగిలింది. డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని తీయనివ్వదు. ఫార్మాట్ కొట్టిన రోజునే డిస్క్‌పార్ట్‌లో ఆ పార్టిషన్‌ని సెలెక్ట్ చేసి ‘డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్’ అని తీసేశాను. బయోస్‌లో హార్డ్‌డిస్క్ పేరుతో ఉన్న బూట్ మేనేజర్ వరస తర్వాతి రీస్టార్ట్‌లో దానంతటదే పోయింది. కొన్ని మదర్‌బోర్డులలో పోదు. అప్పుడు ‘బీసీడీఎడిట్ /ఎన్యుమ్ ఫర్మ్‌వేర్’లో దాని గుర్తింపు సంఖ్య చూసుకుని, బీసీడీఎడిట్‌తోనే డిలీట్ చేయాలి. కేబినెట్ మూత బిగించే ముందు లోపల ఒక స్టిక్కర్ అంటించాను: బూట్ ఎస్‌ఎస్‌డీలో ఉంది, హార్డ్‌డిస్క్‌లో విండోస్ లేదు, ఎస్‌ఎస్‌డీ మీద మళ్ళీ విండోస్ ఎక్కించాల్సి వస్తే హార్డ్‌డిస్క్ కేబుల్ తీసి ఎక్కించండి.